అద్దాలు ఊడదీసిన కారు

మా మామ పోయాడు. ఈ వేసవిలో, మామిడికాయలు ఇంకా బజారుకు రాకముందే. నంద్యాల ఆసుపత్రి నుంచి ఆయన్ను తీసుకుని మా కారు ఆళ్లగడ్డలోకి వచ్చిన ఆ సాయంత్రం, మేము వీధి మలుపు తిరగకముందే ఎవరో అరిచారు, "ఆయమ్మ పోయిందంటప్పా" అని. ఊరంతా మా అత్తే పోయిందనుకుంది. ఆడవాళ్లు ఏడుస్తూ ఎదురొచ్చారు. మామను ఓదార్చడానికని ఇద్దరు ముసలివాళ్లు, కారు తోలేది ఎప్పుడూ ఆయనే కాబట్టి, నేరుగా స్టీరింగు దగ్గరికి వెళ్లి, అక్కడ కూర్చున్నది మా ఆయన అని చూసి ఆగిపోయారు. ఇంతలో వెనక తలుపు తీసుకుని అత్త దిగింది. తన కాళ్ల మీద తానే దిగి, ఎవరి వైపూ చూడకుండా లోపలికి నడిచింది. అప్పుడు గానీ వాళ్లకు సంగతి తెలియలేదు.

వాళ్లను తప్పు పట్టలేను. మా ఇంట్లో ముందు పోయేదెవరని అడిగితే ఊళ్లో ఎవరైనా అత్తనే చూపించేవాళ్లు. ఉబ్బసం మనిషి. చలికాలం ఒక అవస్థ, వేరుశనగ నూర్పిళ్లప్పుడు పొట్టు ఎగిరితే ఇంకో అవస్థ, ఎండాకాలం రోడ్డు దుమ్ము మరో అవస్థ. మామ కూడా అదే నమ్మాడు. ఆమె ఏదో ఒకరోజు ఊపిరాడక పోతుందని, ఆ రోజును వెనక్కి నెట్టుకుంటూ పోవడమే తన పని అని అనుకుని, అందులోనే మునిగిపోయాడు. తన గుండె ఎట్లా ఉందో ఏనాడూ చూపించుకోలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆయన ఎదురుగా ఉంటే నాలుగు మాటలు అనాలనే ఉంది.

ఆయన మా అమ్మకు సొంత అన్న. నేను నంద్యాలలో పుట్టి పెరిగాను. ఆయన కొడుకునే చేసుకుని ఆళ్లగడ్డకు వచ్చాను కాబట్టి, చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిరిగిన మామే నాకు మామగారయ్యాడు. అందుకే మిగతా కోడళ్లకు లేని నోరు నాకుండేది. ఆయన కూడా నన్ను కోడలని ఒకరోజూ పిలవలేదు. "అమ్మీ" అనే పిలిచేవాడు.

కర్నూలు రాజధాని అయిన ఏడు నేను కాపురానికి వచ్చాను. ఆ ఏడే మామ కారు కొన్నాడు. నంద్యాలలో ఒక పత్తి వ్యాపారి కొత్తది తెప్పించుకుని పాతది అమ్మేశాడు. యుద్ధానికి ముందుదైన ఆ బండికి ముదురాకుపచ్చ రంగు, పెద్ద పెద్ద కళ్లలాంటి దీపాలు. గొప్పకు కొన్నాడని ఊళ్లో అనుకున్నారు. అత్తకు ఆయాసం వస్తే ఎద్దులబండిలో నంద్యాల చేరేసరికి మనిషి మనిషిలో ఉండేది కాదు. బస్సు కోసం కూర్చుంటే అది వచ్చేదాకా ఆయాసం ఆగదు కదా. అందుకు కొన్నాడు.

తోలడం నేర్చుకున్నాడు గానీ ఎద్దులబండి అలవాట్లు పోలేదు. తలకు రుమాలు చుట్టుకోనిదే స్టీరింగు ముట్టేవాడు కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుకతో టక్కు టక్కుమని చప్పుడు చేసి కారును అదిలించేవాడు. కారు ఎక్కేముందు చెప్పులు విడిచి ఎక్కేవాడు. విడిచినవి రోడ్డు మీదే ఉండిపోయేవి. ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య ఆ రోడ్డు మీద నడిచిన వాళ్లలో ఎంతమంది మా మామ చెప్పులు తొడుక్కున్నారో చెప్పలేను.

ఆ అలవాట్లలో ఒకటి మాత్రం నవ్వుకునేది కాదు. కారు తలుపుల అద్దాలు ఎక్కించడానికి, దించడానికి లోపల చిన్న చేతిపిడి ఉంటుంది. దాన్ని తిప్పితే తలుపు లోపల ఉన్న పళ్ల చక్రం తిరిగి, ఒక ఇనుప చెయ్యి అద్దాన్ని పైకీ కిందికీ జరుపుతుంది. దాన్ని రెగ్యులేటర్ అంటారని తర్వాత తెలిసింది. మామ మాత్రం "తలుపు పేగులు" అనేవాడు. పాతబండి కదా, పిడి తిప్పినప్పుడల్లా కీచుమని అరిచేది. ఒకరోజు నేను చూస్తుండగానే ఆయన తలుపు లోపలి అట్ట విప్పి, బండి ఇరుసులకు పూసే కందెన పట్టుకొచ్చి దండిగా పూశాడు. ఆముదంలో గడ్డి మసి కలిపి చేసే కందెన. ఎద్దులబండికి అంతకంటే మంచిది లేదు. అరుపు ఆ రోజే మానింది. "చూసినావా అమ్మీ, ఇనుము యాడున్నా ఇనుమే" అన్నాడు.

ఇరుసుకైతే పాత కందెన తుడిచి కొత్తది పూస్తూ ఉంటారు. తలుపు లోపలిది ఎవరు తుడుస్తారు? నల్లరేగడి దుమ్ము సందుల్లోంచి పోయి ఆ కందెనలో కలిసి, ఎండకు గట్టిపడింది.

మరుసటి వేసవిలో అత్తకు బాగా ఎక్కువైంది. కారులో పడుకోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. సుడిగాలులు లేస్తున్న కాలం. దుమ్ము తగలకూడదని మామే నాలుగు అద్దాలూ పైదాకా బిగించాడు. శిరివెళ్ల ఇంకా రాలేదు, లోపల నిప్పుల కుంపటిలా అయింది. అత్త లేచి కూర్చుని, "గాలి" అంది. నేను పిడి తిప్పాను. కదల్లేదు. అటువైపుది తిప్పాను, అదీ అంతే. మామ కారాపి, ముందు సీటు మీద నుంచి వెనక్కి వంగి రెండు చేతులతో తిప్పితే పిడి విరిగి చేతికి వచ్చింది. అత్తకు మాట పోయింది. అద్దం మీద అరచేతులతో కొట్టడం మొదలుపెట్టింది. పక్కనే తలుపుంది, తెరిస్తే తెరుచుకుంటుంది. ఆ సమయానికి అది ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. తర్వాత తోచి తలుపులు రెండూ బార్లా తీసి, అవి కొట్టుకోకుండా మామ తన రుమాలు చింపి సీట్లకు కట్టేశాడు. రెక్కలు విప్పిన కోడిలా ఆ కారు నంద్యాల బజారులోకి పోయింది. జనం పక్కకు దూకారు. నేను అత్తను పట్టుకుని కూర్చున్నాను, ఆమె పడిపోకుండా.

ఆసుపత్రిలో సూది మందు వేశాక గండం గడిచింది. ఆమె నిద్రపోయాక మామ కారును షెడ్డుకు తీసుకుపోయాడు. ఊరికే కూర్చోలేక నేనూ వెంట వెళ్లాను. అక్కడి మేస్త్రి ముసల్మాను పెద్దమనిషి, మామను అన్నా అని పిలిచేవాడు. తలుపు అట్ట విప్పి లోపల వేలు పెట్టి గీకాడు. తారులా నల్లగా వచ్చింది.

"ఏందన్నా ఇది?"

"కందెన."

"బండి కందెనా?" మేస్త్రి పడీ పడీ నవ్వబోయి, మామ ముఖం చూసి ఆపుకున్నాడు. "పోనీలే అన్నా. కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పెడ్తా. తొందరగా అయితాది."

"కడగొద్దు. అద్దాలే ఒద్దు నాకు."

"అద్దాల్లేకుంటే వానొస్తే యెట్ల?"

"వానకు తడిస్తే ఆరతాది. ఊపిరాడకుంటే ఏం జేస్తావ్ చెప్పు?"

మేస్త్రి సరేనన్నాడు. తనే ఊడదీసి ఇస్తానన్నాడు. మామ ఒప్పుకోలేదు. "నా చేత్తో పూసింటి. నా చేత్తోనే తీస్తా. ఎట్లనో చూపియ్, సాలు" అన్నాడు. ఆ మధ్యాహ్నమంతా మేస్త్రి పక్కన గొంతుక్కూర్చుని చూశాడు.

ఊరికి తిరిగి వచ్చి అత్త కాస్త తేరుకున్నాక, పశువుల కొట్టం ముందు కారు నిలబెట్టి ఆ పని పెట్టుకున్నాడు. ముందు పిడి వెనకున్న రేకును నొక్కిపట్టి, దాని కిందున్న సన్న మేకును కొట్టి తీయాలి. అప్పుడు పిడి వస్తుంది. తర్వాత లోపలి అట్ట. తర్వాత రెగ్యులేటర్‌ను పట్టి ఉంచిన మరలు. అవి ఊడదీసేటప్పుడు ఎవరో ఒకరు అద్దాన్ని రెండు చేతులా పైన పట్టుకుని ఉండాలి. లేకపోతే దాన్ని మోసే ఇనుప చెయ్యి జారగానే అద్దం తలుపు లోపలికి పడుతుంది. మేస్త్రి ఇది చెప్పే ఉంటాడు. మామ వినలేదో, మరిచాడో. మొదటి అద్దం దభీమని లోపలికి పడి పగిలింది.

అత్త మంచం మీద నుంచి లేచింది. ఇంట్లో అద్దం పగిలితే కీడని ఆమెకు గట్టి పట్టింపు. "పోయేది నేనే గదా, దానికి ముందే పగలగొడ్తాండావా?" అంది. తమాషాకే అంది. మామ మాత్రం స్క్రూడ్రైవరు కింద పెట్టేసి లోపలికి పోయాడు. ఆ పూట అన్నం తినలేదు. తినకపోతే అత్తా తినలేదు. వాళ్లిద్దరి మధ్య నేను చేసిన పప్పు, జొన్నరొట్టె నేనూ మా ఆయనా తిన్నాము.

మరుసటి రోజు నన్ను పిలిచాడు. "అమ్మీ, రా. పట్టుకో." నేను అద్దం పట్టుకున్నాను, ఆయన మరలు విప్పాడు. ఇనుప చేతిని అద్దం కింది గాడిలోంచి పక్కకు జరిపి తప్పించాడు. అద్దాన్ని కాస్త ఏటవాలుగా వంచి పైకి లాగమన్నాడు. వచ్చింది. నా చేతుల్లోకి బరువుగా, అంచులకు నల్లటి దుమ్ముతో వచ్చింది. అట్లా ఒక్కొక్కటీ తీశాము. ఒకదాన్ని ఆయన మిద్దె మీదకు ఎక్కించి, వంటింట్లో వెలుతురు కోసం పైకప్పులో వదిలిన గవాచి మీద మూతగా పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. మిగతావి గొంగళిలో చుట్టి అటక మీద పెట్టాము.

అద్దాలు తీస్తే చాలు కదా, రెగ్యులేటర్లు కూడా ఎందుకు తీశావని మా ఆయన అడిగాడు. మామ మనసులో అప్పటికే ఏదో ఉంది. గాలి వస్తే దాంతో పాటు దుమ్మూ వస్తుంది. అదీ అత్తకు పడదు. పేగులు తీసేసిన తలుపుల లోపల జాగా మిగిలింది. కిరసనాయిలు డబ్బాలు కోయించి, ఆ జాగాలో పట్టేటట్టు సన్నటి రేకు తొట్లు చేయించాడు. వాటి నిండా నీళ్లు. తన పాత పంచె చింపి, కిటికీ పైఅంచుకు ఒక కొస కట్టి, రెండో కొస తొట్టిలోకి వదిలాడు. వత్తి నూనెను పీల్చినట్టు బట్ట నీళ్లు పీలుస్తుంది, దుమ్మును తడిబట్ట పట్టుకుంటుంది, చల్లగాలి మాత్రం లోపలికి వస్తుంది. అదీ ఆయన లెక్క.

ఆ కారు ఆ దారిన ఎట్లా పోయేదో ఇది చదివేవాళ్లలో కొందరు చూసే ఉంటారు. కిటికీలకు పంచెలు ఎగురుతూ, గుంతలో పడ్డప్పుడల్లా తలుపుల కింది నుంచి నీళ్లు కారుతూ పోయేది. "ఓ అన్నో, మోటారు కారిపోతాంది" అని పొలాల్లోంచి కేకలేసేవాళ్లు. మామ చెయ్యి ఊపి పోయేవాడు. కూర్చున్నవాళ్ల చీరలు మోకాళ్ల దాకా తడిసేవి. ఇంకో వింత కూడా ఉండేది. తోలుతూ తోలుతూ ఉన్నట్టుండి రోడ్డు మధ్యలో ఇంజను ఆపేసేవాడు. ఇంజను మోతలో వెనక అత్త ఊపిరి ఆయనకు వినబడదు మరి. తల పక్కకు వంచి వినేవాడు. వెనక బస్సువాడు హారను కొడుతున్నా వినేవాడు.

"గాలొస్తాందా?"

"వస్తాంది. ముందు చూసి తోలు."

ఎప్పుడడిగినా ఆమెది అదే జవాబు. ఆమె మంచి మాట చెప్పే మనిషి కాదు. ఇల్లంతా వినబడేటట్టు మొగుణ్ణి తిట్టేది. అయినా ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు. ఆ "వస్తాంది" విన్నాక మామ ముఖం ఎట్లా ఉండేదో నేను ముందు ఎక్కిన రోజుల్లో పక్క సీటులోంచి చూసేదాన్ని. అంత సంతోషం ఆయనకు పంట ఇంటికి వచ్చినప్పుడు కూడా ఉండేది కాదు.

ఆ తృప్తితో ఆగే మనిషి కాదు. పంచె బట్ట పలచనైందని ఒకసారి, తొట్టి తుప్పు పట్టిందని ఒకసారి, బట్ట కొస జారుతోందని ఒకసారి, ఏదో ఒక వంకన తలుపులు విప్పుకుని ఎండలో కూర్చునేవాడు. అన్నానికి పిలిస్తే రాడు. మళ్లీ బిగించేటప్పుడు ప్రతిసారీ కొన్ని మరలు మిగిలేవి. "మిగిలినాయంటే అక్కర్లేనివే" అని వాటిని పాత సున్నపు డబ్బీలో వేసేవాడు. ఆ తలుపులు వేసినప్పుడు గలగలమనేవి. నేను ఎగతాళి చేసేదాన్ని. "మామా, ఇంకొన్నేండ్లకు కారంతా డబ్బీలోకే వస్తాది" అంటే నవ్వేవాడు.

ఒక్కసారి మాత్రం నవ్వలేదు. తలుపు అంచు తుప్పును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. "ఇంక చాల్లే మామా, ఆమె బాగనే ఉండాది గదా" అన్నాను.

"ఆ పొద్దు అద్దం మీద కొట్టింది జూడు అమ్మీ" అన్నాడు, చెయ్యి ఆపకుండానే. "ఆ సప్పుడు నాకింకా పోలేదు. కందెన పూసింది నేనే గదా."

 నీ తప్పేం లేదు మామా అని ఉండాల్సింది. నేను అంటే మాత్రం ఆయన ఒప్పుకునేవాడా? గరుకు కాగితం ఇంకొకటి తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చున్నాను.

ఈ వేసవిలో ఆరోజు పొద్దున ఆయన కొట్టం దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖమంతా చెమట. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకున్నాడు. మా ఆయన కారు తీస్తుంటే, "ఒద్దు, నేనే తోల్తా, నీకు ఆ గుంతలు తెలీదు" అన్నాడు. లేవబోయి లేవలేకపోయాడు. మా ఆయనే నాయనను ఎత్తుకుని వెనక సీటులో కూర్చోబెట్టాడు. పక్కన అత్త. ఆ కంగారులోనూ నేను తొట్లలో నీళ్లు పోశాను. చెయ్యి అలవాటు కొద్దీ పోశాను. తర్వాత ముందు సీటులో ఎక్కాను.

శిరివెళ్ల దాటాక రోడ్డు కొత్తగా వేస్తున్నారు. కంకర మీద మట్టి పోసి వదిలేశారు. ముందొక లారీ పోతోంది. పక్కకు తప్పుకోదు, మాకు దాటే వీలు లేదు. మామ దగ్గాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన కనురెప్పల మీద, మీసాల మీద తెల్లగా దుమ్ము పేరుకుంది.

"మేయ్, ఏందే ఇంత దుమ్ము?"

అత్తను అడుగుతూనే మామ కుడిచెయ్యి సాచి కిటికీ బట్టను తడిమాడు.

"తడి ఉండాది. ఉన్నా గానీ వస్తాందే." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఎప్పుడూ ఇట్లనే వస్తాదా?"

"వస్తాది."

"ఇన్నేండ్లూ?"

"ఊఁ."

అప్పుడు నాకు తట్టింది. కారు లేపే దుమ్మంతా వెనక్కే కొడుతుంది, ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా ఆ వెనక సీటులో కూర్చోలేదు. నేను కూర్చున్నాను. నా కళ్లలోనూ ఆ దుమ్ము పడింది. నేనూ చెప్పలేదు, ఆమె వద్దని సైగ చేసేది కాబట్టి.

"నేనడిగినప్పుడల్లా బాగుండాదంటివే. చెప్పకూడదా?"

"చెప్తే ఏం జేస్తావ్? మళ్లా తలుపులిప్పుకొని ఎండలో కూర్చుంటావ్" అంది అత్త. "కూడు తినవ్."

మామ నవ్వాడు. నవ్వితే నొప్పి లేచినట్టుంది, కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్లతోనే అన్నాడు.

"ఊరికి పోయినాక రెండు పొరలు కడ్తాలే, బట్ట."

"కడుదువులే. ఇప్పుడు మాట్లాడగాకు, నోట్లోకి దుమ్ము పోతాది."

అని, అత్త తన కొంగు విప్పి ఆయన ముక్కుకూ నోటికీ అడ్డంగా కప్పి అరచేత్తో పట్టుకుంది. తన ముఖానికి ఏమీ లేదు. లారీ లేపిన దుమ్ములో ఆమెకు దగ్గు తెర తర్వాత తెర వస్తోంది. పిల్లికూతలు ముందు సీటులోకి వినబడుతున్నాయి. దగ్గినప్పుడల్లా ఆమె ఒళ్లంతా ఊగింది గానీ ఆ చెయ్యి కదల్లేదు.

ఆసుపత్రి ఆవరణలో మా ఆయన కారు ఆపాడు. చెట్ల నీడ, నీళ్లు చల్లి ఊడ్చిన నేల. దుమ్ము లేదు. లోపలి నుంచి మనుషులు స్ట్రెచరుతో వచ్చి తలుపు తీశారు. మామ తల అత్త భుజం మీదకు వాలిపోయి ఉంది, మూతి మీది కొంగు కదలడం లేదు. నేను దిగి వెళ్లి ఆమె మణికట్టు మీద చెయ్యి వేసి, "అత్తా, వచ్చేసినాం, ఈడ దుమ్ము లేదు, తియ్యి" అన్నాను.

అత్త కొంగు తియ్యలేదు.